బయటికొచ్చావా తమ్ముడూ

మరమ్మతు అయిపోయింది. పచ్చ బటన్ మీద వేలు పెట్టి, టెక్నీషియన్ ఆగిపోయాడు.

ఇనుప వల కంచె లోపలికి తొంగి చూశాడు. బస్తాలెత్తే రోబో చెయ్యి మెడ వంచుకుని నిలబడి ఉంది.

“తమ్ముడూ, బయటికొచ్చావా?” అని గట్టిగా పిలిచాడు.

లోపల ఎవరూ లేరు. అయినా చెవి ఒగ్గి, ఒక మనిషి జవాబు చెప్పేంత సేపు ఆగాడు. అప్పుడు నొక్కాడు.

ఊరూరూ తిరిగి ఫ్యాక్టరీల్లో ఇలాంటి యంత్రాలు బాగుచేయడం ఆయన పని. సంచీ భుజాన వేసుకుని, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ వస్తాడు. యంత్రం నడిపించే ప్రతిసారీ ఇదే పిలుపు. అక్కడివాళ్ళు ఆయనకు పిలుపులాయన అని పేరు పెట్టేశారు.

“ఎవరండీ ఆ తమ్ముడు?” అని సూపర్‌వైజర్ ఒకసారి అడిగాడు.

“ఉన్నాడు లెండి,” అని నవ్వి, స్పానర్లు తుడుచుకున్నాడు.

చెప్పకపోతే జనం ఊరుకుంటారా? తమ్ముడు లోపల ఉండగా చూసుకోకుండా స్విచ్ వేసేశాడట, అని ఎవరో అన్నారు. చచ్చిన తమ్ముడు వెంటే తిరుగుతున్నాడని ఇంకెవరో అన్నారు. ఆయన పిలిచి ఆగినప్పుడల్లా షెడ్డులో అందరికీ ఒళ్ళు జలదరించేది.

ఒక్క బక్కోడికి తప్ప. ఆ యంత్రం నడిపే ఆపరేటర్ అతను. ఎంత సన్న సందులోనైనా దూరగలడని ఆ పేరు.

“దెయ్యం పలికిందా అన్నా? టీ తాగుతుందేమో అడుగు,” అనేవాడు.

ఒకసారి ఆ పిలుపు వినగానే, బక్కోడు బస్తాల వెనక నక్కి, గొంతు మార్చి పలికాడు.

“వస్తున్నానన్నా...”

అందరూ ఘొల్లున నవ్వారు.

టెక్నీషియన్ బటన్ మీంచి చెయ్యి తీసేసి నేల మీద కూలబడ్డాడు. ముఖం పాలిపోయింది.

బక్కోడి నవ్వు ఆగిపోయింది. “ఊరికే అన్నానన్నా. ఏమనుకోకు,” అని నీళ్ళ సీసా అందించాడు.

“పలికావుగా. అదే చాలు,” అన్నాడాయన.

నీళ్ళు తాగి లేచి, మళ్ళీ పిలిచి, మళ్ళీ ఆగి, అప్పుడే బటన్ నొక్కాడు.

ఆ సాయంత్రం సూపర్‌వైజర్ ఆయన కంపెనీకి ఫోన్ చేశాడు.

“పనిమంతుడే, కాదనను. కానీ మావాళ్ళు జడుసుకుంటున్నారు. ఈసారి ఇంకెవరినైనా పంపండి.”

ఇంకొకతను వచ్చాడు. లాప్‌టాప్ తెరిచాడు, మూశాడు, బటన్ నొక్కాడు, వెళ్ళిపోయాడు. షెడ్డు హాయిగా ఊపిరి పీల్చుకుంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, రోబో చెయ్యి బస్తా పట్టుకుని సగంలో ఆగిపోయింది. బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. కంచె తలుపు మూసే ఉంది. తెర మీద అంతా సరిగ్గానే ఉందని చూపిస్తోంది.

పచ్చ బటన్ మీద వేలు పెట్టాడు.

ఎందుకో నొక్కలేకపోయాడు. తను రావద్దన్న మనిషి పక్కనే నిలబడి, చెవి ఒగ్గి వింటున్నట్టు అనిపించింది.

“తమ్ముడూ, బయటికొచ్చావా?”

ఆ మాట తన నోటినుంచే వచ్చింది. సిగ్గేసి అటూ ఇటూ చూశాడు. అయినా ఆగాడు.

“ఆగండి సార్... లోపలే ఉన్నా.”

బస్తాల దొంతర వెనకనుంచి వచ్చిందా గొంతు. ఈసారి మార్చిన గొంతు కాదు. ఇరుక్కున్న తాడు తీయడానికి బక్కోడు లోపలికి దూరాడు. గాలికి తలుపు మూసుకుపోయిన సంగతి అతనికి తెలియనే తెలియదు.

సూపర్‌వైజర్ తలుపు తీసి పట్టుకుంటే బక్కోడు బయటికొచ్చాడు.

“పిలుపులాయనకి ఫోన్ చెయ్యండి సార్,” అన్నాడు. “నేనూ మాట్లాడతా.”

ఫోన్ ఒక పెద్దావిడ ఎత్తింది.

“మా మరిది పోయాడు బాబూ. ఏదో ఫ్యాక్టరీకి వెళ్తూ, బస్సులో, కిటికీకి తల ఆనించుకుని. నిద్రపోతున్నాడనుకున్నారట.”

సూపర్‌వైజర్ ఆ మాట బక్కోడికి చెప్పాడు. బక్కోడు ఫోన్ అందుకున్నాడు.

“అమ్మా, ఆయన పిలిచే ఆ తమ్ముడి పేరేంటమ్మా? ఇవాళ నేను బతికింది ఆ పిలుపు వల్లే. ఇద్దర్నీ తలుచుకుంటా.”



“లోపల మనిషుండగా స్విచ్ వేసింది మా ఆయన నాయనా. ఒక్కసారి పిలిచి ఉంటే బాగుండేదే అని కుమిలి కుమిలి పోయారు. అప్పట్నుంచీ అన్న మరిచిన పిలుపు అన్న బదులు తను పిలుస్తూ తిరిగాడు మా మరిది... ఆ రోజు కాలు నలిగిపోతూ ‘వస్తున్నానన్నా’ అని లోపలనుంచి అరిచిన తమ్ముడు తనే.”