నోటిపూత

జ్యోతిర్మయి అద్దం ముందు నాలుక చాపి చూసుకుంది. మధ్యలో తెల్లటి పూత. బుగ్గ లోపల రెండు పుండ్లు. నిన్న ఒకటే ఉంది.

ఆమె గుడివాడలో ఒక ల్యాబులో టెక్నీషియన్. ఐదు వారాల కిందట రక్తం తీసిన సూది వేలికి గుచ్చుకుంది. ఆ రక్తాన్ని పరీక్షిస్తే హెచ్ఐవి అని తేలింది. అదే రోజు బందరు పెద్దాసుపత్రికి పరుగెత్తింది. ఇరవై ఎనిమిది రోజులు మందులు మింగింది. మూడు నెలలు గడిస్తే గానీ సంగతి తేలదన్నారు.

ఎవరి రక్తమని భర్త మహేష్ పదే పదే అడిగాడు. పేషెంటు పేరు బయటపెట్టకూడదంది.

"పోనీలేరా, అడక్కు. ఎవరి పరువు వాళ్ళది" అన్నాడు మామగారు శోభనాద్రి.

భార్య పోయాక కొడుకు దగ్గరే ఉంటున్నాడాయన. ఆ ఇంట్లో ఆయన మాటే చెల్లుతుంది. పుండ్ల సంగతి తెలిశాక కోడలికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టించాడు. ఐదేళ్ళ మనవరాలు లిఖితను తన గదిలోకి మార్చుకున్నాడు.

"పసిపిల్ల కదమ్మా. మన జాగ్రత్తలో మనం ఉండాలి" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

కంచాల వల్ల అంటుకునే జబ్బు కాదని ఆమె చెప్పింది. మహేష్ వినలేదు. నాన్న మన మంచికేగా చెప్పేదన్నాడు. ఆ రోజు నుంచి వరండాలో పడుకున్నాడు.

కూర నోట్లో పెడితే భగ్గుమనేది. మజ్జిగన్నం మింగి లేచేది. ఫోన్లో వెతికితే ప్రతి పుండూ ఆ జబ్బు పుండులాగే కనిపించేది. బందరులో డాక్టరమ్మ నోరు చూసి నిట్టూర్చింది.

"తిండీ నిద్రా మానేస్తే నోరు పూయదా అమ్మా? పుండ్లను చూసి ఏదీ చెప్పలేం. పరీక్షే చెప్పాలి."

మూడో నెల పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. బస్సు గుడ్లవల్లేరు దాటేదాకా ఆ కాగితం చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. ఆకలేసింది. ఎన్నాళ్ళకో.

ఇంటికొచ్చి రిపోర్టు భర్త చేతికిచ్చింది. మహేష్ రెండుసార్లు చదివాడు. ఏదో అనబోయి తండ్రి వైపు చూశాడు. ఈలోగా లిఖిత తల్లి ఒళ్ళోకి ఎక్కబోయింది. శోభనాద్రి పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకో ఆర్నెల్లు ఇలాగే ఉండనీండి. రిపోర్టులదేముంది, తప్పులు కూడా వస్తుంటాయి."

మహేష్ తలూపాడు. కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

జ్యోతిర్మయి తన వేరే కంచం తీసుకుని అన్నం వడ్డించుకుంది.

సూది గుచ్చుకున్న ఆ రోజు కంటి ఆపరేషన్‌కు ముందు పరీక్షలని వచ్చి ఆమె చేత రక్తం తీయించుకున్నదీ, ఫలితం విని ఎవరికీ చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నదీ ఆ మామగారే.