ముందు అడిగే చోటు

"నా నెట్టు వైరుని ఏం చేశావో చెప్పు," అంటూ సతీష్‌బాబు తన వాటాలోకి లాక్కొచ్చిన అన్న వెంకటరత్నాన్ని గోడకేసి కొట్టాడు. పెదవి చిట్లి చొక్కా మీద నెత్తురు పడింది.

"ఇల్లు పంచుకున్నాక నీ వైపు తొంగి కూడా చూళ్ళేదురా."

"మరి జగ్గయ్యపేటలో అందరికీ బానే వస్తుంటే, నాకే ఏ పేజీ కొట్టినా కాసేపు బిగుసుకుపోద్దేం?" మళ్ళీ పిడికిలి ఎత్తాడు.

తండ్రి వెనకే పరిగెత్తుకొచ్చిన గీతాంజలి అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుంది.

"వైరు బానే ఉంది బాబాయ్. నీ లినక్స్ కంప్యూటర్లో ఏ సైటు పేరు కొట్టినా, అదెక్కడుందో ముందు నాన్న గదిలో కంప్యూటర్ మిషన్ని అడుగుతోంది. పంపకాలప్పుడే దాన్ని ఆపేశాం. జవాబు కోసం చూసి చూసి, అప్పుడు బయట అడుగుతోంది."

"అట్లా ఎవడు పెట్టాడు?"

"నువ్వే. మనింట్లో ఏదైనా ముందు అన్నయ్యనే అడగాలని, నవ్వుతా పెట్టావు."

పిడికిలి గాల్లోనే ఆగింది.

వెంకటరత్నం నెత్తురు తుడుచుకున్నాడు. "ముందు నా మిషన్ని అడగమని రాసిన ఆ లైను తీసెయ్యమ్మా."

సతీష్‌బాబు అన్న కాలరు వదల్లేదు. "తీశావంటే చెయ్యి విరగ్గొడతా," అన్నాడు గీతాంజలితో. "ముందు మీ నాన్నని ఆ మిషన్ ఆన్ చెయ్యమను."