టేపు మీద గీత

"మళ్ళీ తెరిచారు!"

చిన్నకోడలు పళ్ళు కొరుక్కుంది. పొద్దున సంచీ మూతికి టేపు అంటించాక, టేపు మీంచి సంచీ మీదికి చెరగని పెన్నుతో సన్నగా ఒక గీత గీసి పెట్టింది. ఇప్పుడు ఆటోక్లేవ్‌లోంచి బయటికొచ్చిన సంచీ మీద ఆ గీత రెండు ముక్కలై, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంది.

ఆటోక్లేవ్ అంటే గదంత ప్రెషర్ కుక్కర్ అనుకోండి. ఈ మందుల ఫ్యాక్టరీలో ఇంజెక్షన్ మందు వడపోసే ఫిల్టర్లనూ వాటి గొట్టాలనూ సంచుల్లో కట్టి అందులో పెడితే, వేడి ఆవిరి క్రిముల్ని చంపుతుంది. సంచీకి ఒక పక్క ఆవిరి దూరే కాగితం, రెండో పక్క లోపలిదంతా కనిపించే ప్లాస్టిక్కు. ఆ ప్లాస్టిక్కులోంచి చూస్తే, గొట్టం రెండు కొసల్లోనూ తను బిగించిన క్లిప్పులు వదులుగా వేలాడుతున్నాయి.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. క్లిప్పులంటే తనది అందె వేసిన చెయ్యి. ఇదివరకు మందు నింపే గదిలో ఉన్నప్పుడు ఒక్క చుక్క కారనిచ్చేది కాదు. అది చూసి మెచ్చుకునే ఇక్కడికి పంపారు. ఇప్పుడేమో పని రానిదానిలా కనిపించాలని ఎవరో వాటిని వదులు చేస్తున్నారు.

ఎవరో ఏమిటి, ఇక్కడున్నదే ఇద్దరు. సంచులు కట్టేది చిన్నకోడలు. వాటిని బండి మీద పేర్చి యంత్రంలోకి తోసేది పెద్దకోడలు. అవును, సొంత తోడికోడళ్ళే. ఇంట్లో ఒకే పొయ్యి, ఇక్కడ ఒకే యంత్రం. ఇద్దరివీ తాత్కాలిక ఉద్యోగాలు, పర్మనెంట్ అయ్యేది మాత్రం ఒక్కరే.

"ఎవరికొచ్చినా మనింటికే కదర్రా" అని అత్తగారు తేల్చేసింది. ఆవిడకేం, కూర్చుని ఎన్నయినా చెబుతుంది.

ఆ సాయంత్రం చిన్నకోడలు మొగుణ్ణి పట్టుకుంది.

"మీ వదిన నా సంచులు తెరుస్తోంది."

"ఛ! వదిన అలాంటి మనిషి కాదే."

"అవును మరి, మీ వదిన కదా! ఆవిడ దేవత, నేను దెయ్యాన్ని."

"అది కాదే. నీ సంచీ ఒక్కసారైనా పరీక్షలో తప్పిందా?"

"ఎందుకు తప్పుతుంది? ఆవిడ ఎన్ని వేషాలేసినా నా పని అలాంటిది!"

అతను టీవీ పెట్టుకున్నాడు.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ప్రతి లోడులోంచి ఒక సంచీని ఇన్‌చార్జి మేడం కత్తిరించి, గొట్టం లోపల ముందే పెట్టిన కాగితం పట్టీని బయటికి లాగుతుంది. ఆవిరి గొట్టంలోకి దూరి తాకితే పట్టీ నల్లబడుతుంది. లేదంటే లోడంతా చెత్తబుట్టకే. ఆ గొట్టాల్లోంచి వెళ్ళే మందు మనుషుల రక్తంలోకి ఎక్కేది మరి! ఇన్నాళ్ళూ చిన్నకోడలి పట్టీలన్నీ బొగ్గులా నల్లగా వచ్చాయి.

చేరిన కొత్తలో పెద్దకోడలు దగ్గరికొచ్చి, "క్లిప్పుల గురించి ఒక మాట చెప్పనా?" అంది. "నాకే క్లిప్పులు నేర్పుతావా అక్కా?" అని ఈమె మూతి తిప్పుకుంది. అప్పటినుంచీ ఆవిడ ఆ ఊసెత్తలేదు. చిన్నకోడలికి అదీ అనుమానమే. కడుపులో ఏమీ లేకపోతే అంత మౌనం దేనికి?

మర్నాడు "టీకి వెళ్తున్నానక్కా" అని చెప్పి, సగం దారిలోంచి వెనక్కి వచ్చి తలుపు అద్దంలోంచి చూసింది. పెద్దకోడలు అటూ ఇటూ చూసి, గబగబా ఒక సంచీ టేపు లేపి లోపలికి చెయ్యి దూర్చింది. చిన్నకోడలు పరుగున వెళ్ళి మేడంని వెంటబెట్టుకొచ్చింది.

"ఏంటమ్మా ఇది? కట్టిన సంచీ ఎందుకు తెరిచారు?"

పెద్దకోడలు సంచీ కింద పెట్టింది. ఒక్కసారి చిన్నకోడలి వైపు చూసింది.

"తప్పయింది మేడం."

"ఎందుకని అడుగుతున్నాను."

"తప్పయింది" అంది మళ్ళీ.

"చూశారా మేడం, చెప్పుకోడానికి కారణం కూడా లేదు!" అంది చిన్నకోడలు.

మేడం విసురుగా తేల్చేసింది. "మీరు రేపట్నుంచి గోదాములోకి వెళ్ళండి. పర్మనెంట్ మాట ఇక మర్చిపోండి." తర్వాత చిన్నకోడలి వైపు తిరిగింది. "రేపు లోడు మీరే కట్టి, మీరే ఎక్కించండి. బాగా వస్తే పోస్టు మీదే."

గేటు దగ్గర పెద్దకోడలు కాచుకుని ఉంది. "చెల్లీ, రేపు ఆ క్లిప్పులు..."

"నీ చెయ్యి పడకపోతే నా క్లిప్పులకేం కాదు."

బస్సులో చెరో మూల కూర్చున్నారు. ఇంటికి వెళ్ళగానే చిన్నకోడలు జరిగిందంతా కక్కేసింది. "తోడికోడలి నోటిదగ్గర కూడు లాగేస్తావా?" అంటూ అత్తగారు పెద్దకోడల్ని కడిగి పారేసింది. ఆవిడ తలొంచుకుని గిన్నెలు తోముతూనే ఉంది. చిన్నకోడలికి ఒక్క క్షణం జాలేసింది. నటనేలే అనుకుని సర్దుకుంది.

మర్నాడు పొద్దున ప్రతి క్లిప్పునూ బలమంతా పెట్టి బిగించింది, లాగి మరీ చూసుకుంది. టేపు అంటించింది, గీత గీసింది. తనే బండి తోసింది, యంత్రం ఆగేదాకా ఆ తలుపు దగ్గరే కాపలా కాసింది.

సంచులు బయటికొచ్చాయి. ఒక్క గీతా చెదరలేదు. సంతకం పెట్టడానికి మేడం పెన్ను కూడా తీసి పెట్టుకుంది.

"ఈసారి వీటి మీద ఇంకెవరి చెయ్యీ పడలేదు మేడం" అంది చిన్నకోడలు.

మేడం సంచీ కత్తిరించింది. రెండు క్లిప్పులూ బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. మేడం వాటిని చూసింది, ఆమెను చూసింది, క్లిప్పులు ఊడదీసి గొట్టంలోంచి పట్టీని లాగింది.

పట్టీ తెల్లగా ఉంది.