సున్నా గ్రాములు

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి కాటా వస్తుంది. పిల్లలు ప్లేట్లలో వదిలేసింది తూస్తారు. పావు వంతు కంటే ఎక్కువ మిగిలిందా, వంటగదికి తాళమే. ఆ పై సోమవారం నుంచి బయటి కంపెనీ ప్యాకెట్లు దిగుతాయి. సమ్మక్క ఇక రానక్కర్లేదు.

యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉద్యోగుల పిల్లల కోసం నడిపే క్రెష్ అది. పద్నాలుగు మంది పిల్లలు. పద్దెనిమిదేళ్లుగా పొద్దుటి టిఫిన్ సమ్మక్కదే. ఉప్మా, అటుకులు, పెసరట్టు. పిల్లలు తినేవాళ్లు. ఎవరూ ఏనాడూ తూయలేదు.

తూయాలన్న ఆలోచన డాక్టర్ సుప్రజది. పోషకాహారం మీద పాఠాలు చెప్పే మేడమ్. తార్నాకలో ఫ్లాటు. ఆ ఫ్లాటు వంటింట్లోనే ఆరు నెలలు కుస్తీ పట్టి, పిల్లల కోసం గళ్ల పెనంలో కాల్చే ఆరోగ్యకరమైన వాఫిల్ అట్టు తయారుచేసింది. రాగిపిండి, ఓట్స్, అరటిపండు, క్యారెట్ తురుము, అవిసె గింజల పొడి. మైదా లేదు. పంచదార లేదు. రుచి సంగతి ఆమె రాసుకున్న కాగితంలో ఎక్కడా లేదు. ఇంట్లో ఉన్న ఒక్క కొడుకూ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆ గళ్ల పెనం వేడెక్కిన వాసన రాగానే వాడు మెట్రో స్టేషన్ దగ్గరి దోసె బండికి పోయేవాడు.

సోమవారం ఏడింటికే, పిల్లలు ఇంకా రాకముందే, మేడమ్ వచ్చి, ఇక టిఫిన్ ఇదేనని సమ్మక్కకు వాఫిల్ వేసే పని చూపించి వెళ్లిపోయింది. తిన్నాక ప్లేట్లను రోజూ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమంది. ప్లేట్లు చాలట. పిల్లలు అక్కర్లేదట.

సోమవారం ప్లేట్లు పోయినవి పోయినట్టే తిరిగొచ్చాయి. మంగళవారం ఒకడు ఆ గళ్లల్లో నీళ్లు పోసి చేపల చెరువు కట్టాడు. బుధవారం ఒక పిల్ల కిటికీలోంచి కాకికి వేసింది. కాకి ఒక్క పోటు పొడిచి చూసి ఎగిరిపోయింది.

సమ్మక్క ఒక ముక్క నోట్లో వేసుకుంది. తీపి కాదు, కారం కాదు. తడిసిన అట్ట. ఇంత అల్లం, రెండు పచ్చిమిరపకాయలు దంచి వేస్తానని ఫోన్లో బతిమాలింది. మేడమ్ ఒప్పుకోలేదు. లెక్కగట్టి కలిపిన పిండి అది, చిటికెడు మారినా ప్రయోగం పాడవుతుందంది. తప్పు పిండిలో ఉండదు, చేతిలోనే ఉంటుందని కూడా అంది.

“పిల్లలు తినకపోతే నా గతేంది మేడమ్?”

“అది క్రెష్ కమిటీ చూసుకుంటుంది సమ్మక్కా. నా చేతుల్లో ఏముంది?”

బౌద్ధనగర్ నుంచి రోజూ నడిచొచ్చే సమ్మక్కకు యాభై రెండేళ్లు. ఈ వయసులో ఏ వంటింట్లో రానిస్తారు?

గురువారం మధ్యాహ్నం అంట్లు తోమాక చాలాసేపు మెట్ల మీద కూర్చుంది. తర్వాత చెప్పులేసుకుని ఎటో పోయింది. అరగంటలో తిరిగొచ్చి పిల్లల ఏప్రన్లన్నీ ఉతికి ఆరేసింది.

శుక్రవారం తొమ్మిదింటికి కాటా వచ్చింది. దాంతోపాటు సుప్రజ, కమిటీ పెద్ద ప్రొఫెసర్ ఉమాపతి వచ్చారు. పసుపు ఏప్రన్లు తొడుక్కుని రెండు వరసల్లో కూర్చున్నారు పిల్లలు. ఉమాపతి వేలు పెట్టి లెక్కబెట్టాడు. పద్నాలుగు. టిక్కు పెట్టాడు.

సమ్మక్క వడ్డించింది.

ఏడుపు లేదు. మారాం లేదు. చెరువులు లేవు. రెండు చేతులతో పట్టుకుని తిన్నారు. మళ్లీ వేసింది. అవీ తిన్నారు. ప్లేటుకు అంటిన తునకలు వేలికి అద్దుకుని మరీ తిన్నారు.

ఉమాపతి ఒక బాబును పేరడిగాడు. వాడు సమ్మక్క వైపు చూశాడు. ఈ వయసులో బెరుకు సహజమేనండీ అంది సుప్రజ.

ఒక పిల్ల సగం వాఫిల్ ఏప్రన్ జేబులో కుక్కుకుంది.

“అదెందుకమ్మా?” అన్నాడు ఉమాపతి.

“చెల్లెకు.”

పంచుకునే గుణం పెరుగుతోందని సుప్రజ నోటుబుక్కులో రాసుకుంది.

మిగిలింది తూచారు. సున్నా. ఉమాపతికి నమ్మకం కుదరక తన తాళాల గుత్తి పెట్టి చూశాడు. తొంభై గ్రాములు. తీసేశాడు. సున్నా. కాటా బాగానే ఉంది.

సుప్రజ సమ్మక్కను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది.

“నిజం చెప్పు. పిండిలో ఏం కలిపావు?”

“మీ పిండిల నేనేం కలపలే మేడమ్. మీరు రాసిచ్చిన కాయితం గోడకే ఉన్నది. చూసుకోండ్రి.”

“మరి నాలుగు రోజులూ ఎందుకు తినలేదు?”

“ఆకలి కాలేదేమో మేడమ్.”

వంటగది నడుస్తుందని, సమ్మక్క ఉంటుందని ఉమాపతి అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. సుప్రజ పద్నాలుగు ఖాళీ ప్లేట్లనూ వరసగా పేర్చి ఫొటో తీసుకుంది. అడ్డం రాకుండా పిల్లలను కాస్త పక్కకు జరగమంది.

వాళ్ల కారు మలుపు తిరిగాక, నెమళ్లు చూపిస్తానని పొద్దున్నే తోలుకుపోయిన క్రెష్ పిల్లలతో ఆయా శివమ్మ తిరిగొచ్చేసరికి, సమ్మక్క వాఫిల్ తిన్న ఆ పద్నాలుగు మందినీ గోడ అవతల కొత్త బిల్డింగుకు ఇటుకలు మోస్తున్న వాళ్ల తల్లులకు అప్పజెప్పి వస్తోంది.