ఓబుళరెడ్డి రాయి

“ఏం సార్, ఆడికే ఆపేస్తివి? మా ఓబుళరెడ్డి పులిని సంపినాక ఏమాయ?” అని అడిగింది రంగనాయకమ్మ.

హెడ్మాస్టరు దేవదానం చేతిలోని కాగితం వైపే చూస్తున్నాడు. పులి పై పేజీలోనే చచ్చింది. ఆయన ఆగింది ఆ తరువాతి వాక్యం దగ్గర: ‘ఆ వీరుడి జ్ఞాపకార్థం నాడు నిలిపిన రాయి నేటికీ అదే చోట ఉన్నది.’

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో, నల్లమలకూ ఎర్రమలకూ నడుమ పల్లంలో ఉన్న చిన్న ఊరు కోనంపేట. రిటైరయ్యేలోగా ఆ ఊరి చరిత్ర రాసి పెట్టాలని దేవదానం పూనుకున్నాడు. 1984 ఉగాదికి పుస్తకం రావాలి. కూలిన బురుజు, మెట్లబావి, దొరల కాలం నాటి చర్చి గంట, ఒక్కోదానికీ ఒక్కో అధ్యాయం. రోజూ బడి వదిలాక రంగనాయకమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఆమెకు చదివి వినిపించేవాడు. ఎనభై దాటిన ఆ మనిషికి కళ్లు సరిగా ఆనవు కానీ చెవులు మాత్రం పాము చెవులు. తప్పు రాస్తే అక్కడికక్కడే దిద్దేది.

ఆఖరి అధ్యాయం ఆమె అత్తింటి వాళ్లది. ఐదు వందల ఏళ్ల కిందట, మంద మీద పడిన పులిని బల్లెంతో పొడిచి తానూ ప్రాణం విడిచిన పూర్వికుడు ఓబుళరెడ్డి. ఊరి మొగదల ఆయన పేరున మోకాలెత్తు రాయి ఉంది. ప్రతి శుక్రవారం రంగనాయకమ్మ కోడలి చేయి పట్టుకుని వెళ్లి దానికి దీపం పెట్టి వస్తుంది. ఎండైనా వానైనా మానింది లేదు. ఆ దారిన పోయేటప్పుడు దేవదానం తల వంచుకుని పోయేవాడు.

పన్నెండేళ్ల కిందట, ఆయన ఈ ఊరికి వచ్చిన రెండో ఏడు, జనమంతా అహోబిలం తిరునాళ్లకు పోయిన రోజున ఆ రాయి అడుగున ఏదో రాత ఉందని అనుమానించి గడ్డపారతో చుట్టూ తవ్వాడు. రాత లేదు. రాయి మాత్రం ఒరిగి, పక్కనున్న గుండు మీద పడి మూడు ముక్కలైంది. చరిత్ర వెలికి తీయబోయి చరిత్రనే పగలగొట్టిన ఘనుణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటానని ఆయన ఆనాడు తనను తాను తిట్టుకున్నాడు.

ముక్కలను గోనెసంచిలో కట్టి బడిలో దాచాడు. నంద్యాలలో జరిగే చరిత్ర ప్రదర్శనకు రాయిని పంపుతున్నామని మర్నాడు రంగనాయకమ్మతో అబద్ధమాడాడు. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఇంట్లోకి వెళ్లి కొత్త పంచె తెచ్చి, “దీంట్లో సుట్టి జాగ్రత్తగా తీస్కపో సార్” అంది. ఆ పంచె అందుకుంటుంటే ఆయనకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

బండి పోయింది నంద్యాలకు కాదు, ఆళ్లగడ్డకు. శిల్పి నారాయణ ముక్కలు అటూ ఇటూ తిప్పి చూసి, అచ్చం ఇదే రకం రాయి తన దగ్గర ఉందన్నాడు. అదృష్టం కొద్దీ బడి బీరువా అడుగున ఆ రాయి బొమ్మ ఒకటి దొరికింది. ఎవరు గీశారో గానీ, అంగుళాలతో సహా కొలతలు వేసి పెట్టారు. ఇరవై రోజుల్లో కొత్త రాయి తయారైంది. ఆముదంలో మసి కలిపి పూస్తే పాతదైపోయింది. ఊళ్లో ఎవరూ పసిగట్టలేదు. సంగతి తెలిసింది ఆయన భార్య సారమ్మ ఒక్కతెకే.

నిన్న ఆమె నిలదీసింది. అబద్ధాన్ని కడుపులో దాచుకోవడం వేరు, అచ్చు వేయించడం వేరు అంది. రేపు ఆ పుస్తకం చదివిన పిల్లలందరూ దాన్నే నమ్ముతారు కదా అని అడిగింది. నిజం చెబితే రంగనాయకమ్మ గడప మళ్లీ తొక్కలేడు. పరాయి మతం వాడివి, మా రాయి ఎందుకు ముట్టుకున్నావని ఊరు తిరగబడితే తన వాడంతటికీ మాట వస్తుంది. చెప్పకపోతే ఆ ముసలామె చచ్చేదాకా తన అబద్ధానికే దీపం పెడుతుంది.

దేవదానం కాగితాలు పక్కన పెట్టాడు.

“అమ్మా, ఈ ముక్క నేను చదవలేను. ఇది అబద్ధం.”

“ఏది?”

“రాయి. ఇప్పుడు ఆడ ఉండేది మీ పెద్దాయనది కాదు. అసలు రాయి నా చేతుల్లో పగిలిపోయింది. ఇది నేను ఆళ్లగడ్డలో చెక్కించి తెచ్చిపెట్టిన రాయి. పన్నెండేండ్లుగా మీరు దీపం పెడతాండేది దీనికే.”

గడ్డపార మొదలు మసి దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. పంచె సంగతి దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. బెత్తం పట్టుకుంటే బడంతా గడగడలాడే యాభై నాలుగేళ్ల మనిషి కండువాతో ముఖం కప్పుకున్నాడు.

రంగనాయకమ్మ కోడలిని పిలిచి సారుకు మజ్జిగ తెమ్మంది. ముందు తాగమని ఆయన్ను బలవంతం చేసింది. తిట్టినా బాగుండునని ఆయనకు అనిపించింది. ఊరి పెద్దల ముందు ఒప్పుకుంటానని, ఈ అధ్యాయం పుస్తకంలోంచి తీసేస్తానని అన్నాడు.

“తీసేయొద్దు. ఊర్లో ఎవురికీ చెప్పొద్దు” అంది ఆమె.

“అదేందమ్మా, ఇంత తప్పు చేసినాక కూడా…”

ఆమె తడుముకుంటూ ఆయన చేయి పట్టుకుంది.

“నీకు ముందుండిన సారు గూడా ఈడనే కూసోని ఇదే చెప్పి ఏడ్సినాడు నాయనా.”