రెండు వానల గిజిగాడు

చెరువు పక్క ఈతచెట్టుకు మేటి గిజిగాళ్ల గూళ్లనే కలకాలం వేలాడదీస్తారు. పది వానాకాలాలు అల్లినవాళ్లకే ఆ గౌరవం.

ఓ కుర్ర గిజిగాడు రెండే వానాకాలాలు అల్లాడు. రెండు తుపాన్లకూ వాడి గూడు చెక్కుచెదరలేదు.

"ఇంకేం చూడాలి? ఇప్పుడే చెట్టెక్కించండి!" అంది కాకి.

"తొందరెందుకే? మొదట్లో మెరిసి తర్వాత చతికిలబడ్డవాళ్లను ఎంతమందిని చూశానో!" అన్నాడు తీర్పు చెప్పే కొంగతాత.

తగువు తేలక ఇద్దరూ వాడి దగ్గరికే వెళ్లారు. వాడు అదే గూటిని పోగుపోగుగా విప్పేస్తున్నాడు.

"అయ్యో! చెట్టెక్కాల్సిన గూడురా!" అని కాకి గుండె బాదుకుంది.

"మొన్న లోపల ఒక్క చినుకు పడింది, అత్తా. ముడి ఎక్కడ వదులైందో చూస్తున్నా."

కొంగతాత కాకివైపు తిరిగాడు.

"కాకీ, ఈతచెట్టు పైమట్టకు ఇంకెవరి గూడూ కట్టనివ్వకు. ఇంకో ఎనిమిది వానలు ఖాళీగా ఉన్నా సరే, అది వీడిదే."