ఇద్దరు తండ్రులు

క్వీన్స్‌లాండ్ తీరంలో అడవులు తరిగిపోయాక, తుఫాను వేళ జంతువులు తలదాచుకోవడానికి ఇళ్ల తలుపులు వాటంతటవే తెరుచుకునేలా చేశారు. అలాంటి ఓ తుఫాను సాయంత్రం శ్రీలేఖ పప్పుకు తాలింపు వేస్తుండగా, మనిషంత ఎత్తున్న కాసోవరీ పక్షి మూడు పిల్లలతో వంటింట్లోకి వచ్చింది. దాని కాలిగోరు కత్తితో సమానం.

పసిపాపను ఎత్తుకున్న ఆమె భర్త శశిధర్ గోడకు అతుక్కుపోయాడు. "బయటికి తోలెయ్ దాన్ని!"

"కదలకండి. అది మగది. వాటిలో పిల్లల్ని సాకేది తండ్రే," అంది శ్రీలేఖ గుసగుసగా.

అంతలో పాప ఏడ్చింది. పక్షి బుసకొట్టి, పిల్లలకు అడ్డంగా నిలబడింది. శశిధర్ పాపను గుండెకు హత్తుకుని మెల్లగా నేలమీద కూర్చున్నాడు. కాసేపటికి పక్షి కూడా కాళ్లు మడిచి, పిల్లల్ని పొట్టకిందికి తీసుకుంది.

గాలి తగ్గేదాకా ఆ ఇద్దరు తండ్రులూ రెప్ప వాల్చలేదు.